యాభైకే మీరు రిటైరైతే, ఆమె ఎప్పుడు?

తిరుపతి నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, పనిచేసే చోటు బయటపెట్టవద్దన్నారు. అవి తీసేసి మిగతాది క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆయనకు 47 ఏళ్లు. రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ విభాగంలో 22 ఏళ్లుగా పనిచేస్తున్నారు. బేసిక్ 48 వేలు, చేతికొచ్చేది 92 వేలు. భార్యకు 43. ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్, జీతం 36 వేలు. అమ్మాయి ఇంటర్ సెకండియర్, అబ్బాయి ఎనిమిదో తరగతి. ఇంట్లో 74 ఏళ్ల అమ్మ. ఆమెకు షుగరు, రోజూ ఇన్సులిన్ సూది. నాన్న 58వ ఏట గుండెపోటుతో పోయారు. సొంతిల్లు ఉంది. దాని మీద ఇంకా 9 లక్షల లోను, నెలకు 21 వేల కిస్తీ.

నలభై దాటాక షుగరు అంచున ఉందని డాక్టరు చెప్పడంతో యూనివర్సిటీ గ్రౌండులో నడక మొదలుపెట్టారు. నడక పరుగైంది. హైదరాబాద్‌లో ఒకటి, చెన్నైలో ఒకటి ఫుల్ మారథాన్లు పూర్తిచేశారు. రెండేళ్ల కింద మంచి సైకిలు కొన్నారు. పోయిన శీతాకాలంలో 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువు పెట్టి తొక్కించే దూరపు సైకిలు ప్రయాణం, గడువులోపల ముగించారు. ఇక 300, 400, 600 కూడా ఒకే సీజన్‌లో చేసి సూపర్ రాండొనర్ అనిపించుకోవాలని, ఆ తర్వాత ఫ్రాన్స్‌లో జరిగే 1200 కిలోమీటర్ల పారిస్-బ్రెస్ట్-పారిస్ చేయాలని కల.

యాభై నిండగానే ఉద్యోగం మానేయాలని నిర్ణయించుకున్నారు. తోటి ఉద్యోగి ఒకాయన రిటైర్మెంట్ ఇంకో ఏడాది ఉందనగా కన్నుమూశారట. "ఆయన దాచుకున్న డబ్బు ఆయన ఒక్కరోజు తినలేదు. నేనట్ల పోను" అని రాశారు. లెక్క కూడా వేశారు. ఇంటి ఖర్చు నెలకు 52 వేలు, ఏడాదికి 6.24 లక్షలు, దానికి 25 రెట్లు అంటే 1 కోటి 56 లక్షలు. ఉన్నవి: పీఎఫ్ 29 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు 34 లక్షలు, ఎఫ్డీలు 18 లక్షలు, చంద్రగిరి దగ్గర ప్లాటు 45 లక్షలు, దామలచెరువు దగ్గర తండ్రి నుంచి వచ్చిన రెండెకరాల మామిడి తోట 30 లక్షలు. కూడితే సరిగ్గా 1 కోటి 56 లక్షలు. "స్వామే లెక్క కుదిర్చినట్టుంది" అంటారాయన.

చివరి పేజీలో అసలు సంగతి ఉంది. "మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. 'మీరు యాభైకి రిటైరైతే నేనెప్పుడు రిటైర్ కావాల?' అని అడిగి పోయి పడుకుంది. నెల రోజులుగా సరిగా మాటల్లేవు. ఆమెకు ఎలా నచ్చజెప్పాలో చెప్పండి."

సమాధానం

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ పరుగు, సైకిలు గురించి రాసిన పేజీలు చదువుతుంటే సంతోషమేసింది. షుగరు అంచున నిలబడ్డ మనిషి ఆరేళ్లలో 42.195 కిలోమీటర్లు పరుగెత్తడం చిన్న విషయం కాదు. రెండోసారి చదివినప్పుడు ఆమె అడిగిన ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ఆమెకు ఎలా నచ్చజెప్పాలని మీరు నన్ను అడిగారు. ఆమె అడిగినదానికి మీరేం జవాబు చెప్పారో మాత్రం ఉత్తరంలో ఎక్కడా లేదు.

అది కోపంతో అన్న మాట అని మీరు అనుకున్నట్టున్నారు. నాకు అది లెక్కల ప్రశ్నలాగా వినిపించింది. అందుకే లెక్కతోనే మొదలుపెడతాను.

25 రెట్లు అనే సూత్రం అమెరికాలో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో అక్కడి మార్కెట్ల చరిత్ర చూసి చెప్పిన మాట నుంచి వచ్చింది. దాచినదాంట్లో మొదటి ఏడాది 4 శాతం తీసుకొని, ఆపైన ధరలు పెరిగినంతగా పెంచుకుంటూ పోతే 30 ఏళ్లకు చాలుతుందని ఆయన లెక్క. మీరు యాభైకి మానేస్తే 35, 40 ఏళ్లు గడవాలి. మన దగ్గర ధరలు ఏడాదికి 6 శాతం పెరుగుతాయనుకుంటే 12 ఏళ్లకు ఖర్చు రెట్టింపవుతుంది. అందుకే 25 కాదు, 33 రెట్లు పెట్టుకోమని నేను చెప్తాను. ఆ తేడా కూడా పక్కన పెడదాం, ముందు మీ అంకెలే సరిచూద్దాం.

ఖర్చులో మూడు వదిలేశారు. పోయిన ఏడాది బూట్లు, సైకిలు సామాన్లు, ఎంట్రీ ఫీజులు, రైళ్లు, లాడ్జీలు కలిపి 1.8 లక్షలు అయిందని రెండో పేజీలో మీరే రాశారు. అది 52 వేలలో లేదు. ఆరోగ్య బీమా ఇప్పుడు కంపెనీది. రాజీనామా చేస్తే దాని నీడ పోతుంది, సొంతంగా కొనుక్కోవాలి. అమ్మగారితో కలిపి ఏడాదికి 80 వేలు అనుకుందాం. అంటే అసలు ఖర్చు ఇప్పటి ధరల్లో ఏడాదికి దాదాపు 8.84 లక్షలు. మూడోది పిల్లల చదువు. అమ్మాయి ఇంజినీరింగ్ మొదలవ్వబోతోంది. అబ్బాయి డిగ్రీ పూర్తయ్యేసరికి మీకు 55 దాటుతుంది. ఆ డబ్బు ఏ వరుసలోనూ కనపడలేదు.

ఆస్తుల వైపు వస్తే, ప్లాటు నెలనెలా అన్నం పెట్టదు. అమ్మితేనే డబ్బు, అదీ మనకు కావలసిన రోజున కొనేవాడు దొరికితే. మామిడి తోట గురించి చిత్తూరు, తిరుపతి జిల్లాల రైతుబిడ్డకు నేను చెప్పాలా? 2025 సీజన్‌లో తోతాపురి లారీలు పల్ప్ ఫ్యాక్టరీల ముందు బారులు తీరి నిలబడ్డాయి. చివరికి ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు తన వాటాగా ఇస్తానని ప్రకటించాల్సి వచ్చింది. తోటను ఆస్తిగా ఉంచుకోండి, మీరు రాసిన 85 వేల సగటు రాబడిని చిల్లర ఖర్చులకు అనుకోండి. కుటుంబాన్ని దాని మీద నిలబెట్టవద్దు. 9 లక్షల లోను తీసేయడం కూడా మరిచారు.

మీరు మరిచిన మంచి విషయం ఒకటుంది. గ్రాట్యుటీ, అంటే ఇన్నేళ్ల సర్వీసుకు వెళ్లేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం. చివరి బేసిక్‌ను (డీఏ ఉంటే దాన్నీ కలిపి) 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. యాభైకి మీకు 25 ఏళ్లు పూర్తవుతాయి, ఇప్పటి బేసిక్ మీదే 6.9 లక్షలు వస్తుంది. పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పెన్షన్ పథకం మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఎక్కువ జీతంపై పెన్షన్‌కు ఆప్షన్ ఇచ్చి ఉండకపోతే మీ సర్వీసుకు నెలకు నాలుగైదు వేలకు మించదు. 58కి బదులు యాభైకే తీసుకుంటే ముందుకు జరిపిన ప్రతి ఏడాదికీ 4 శాతం చొప్పున కోత, ఆ కోత జీవితాంతం.

ఇంకో మూడేళ్లు ఉద్యోగం చేసి, ఇప్పుడు నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో కడుతున్న 20 వేల సిప్ ఆపకుండా ఉంటే, మార్కెట్ మరీ మొండికేయకపోతే, లోను తీసేసి గ్రాట్యుటీ కలిపి మీ చేతిలో వాడుకోదగ్గ డబ్బు 1 కోటి 20 లక్షల దగ్గర ఉంటుంది. అప్పటికి మీ ఖర్చు 6 శాతం చొప్పున పెరిగి ఏడాదికి 10.5 లక్షలు. అందులో తోట రాబడి పోగా 9.7 లక్షలు. అంటే మొదటి ఏడాదే మూలధనంలో 8 శాతం లాగుతారు. అట్లా లాగితే పిల్లల చదువుకు ఒక్క రూపాయి తీయకపోయినా మీకు 62, 64 ఏళ్లు వచ్చేసరికి డబ్బు అడుగంటుతుంది. మొదటి రెండేళ్లలో మార్కెట్ గట్టిగా పడితే ఇంకా ముందే.

ఇప్పుడు ఆమె జీతం కలపండి. మూడేళ్ల తర్వాత ఏడాదికి 4.9 లక్షలు అనుకుందాం. మీరు తీసుకోవలసింది 4.8 లక్షలకు, అంటే 4 శాతానికి దిగుతుంది. ఒక్కసారిగా లెక్క నిలబడింది.

చూశారా? మీ ప్లాను నిలబడేది కోటిన్నర మీద కాదు, ఆమె జీతం మీద. ఆ జీతం మీరు కాగితంలో ఎక్కడా రాయలేదు, కానీ అది వస్తూనే ఉంటుందన్న నమ్మకంతోనే ఈ నిర్ణయం చేశారు. మీరు కావాలని దాచారని అనను. ఇంట్లో రోజూ జరిగిపోయేది కంటికి కనపడదు, అంతే. ఆమెకు మాత్రం కనపడింది. మీరు యాభైకి ఇంట్లో కూర్చోవాలంటే ఆమె యాభై ఎనిమిది దాకా కాలేజీకి పోవాలి. పెన్షన్ లేని ప్రైవేటు ఉద్యోగంలో, రిజల్ట్ తగ్గితే ఏప్రిల్‌లో రావద్దనే చోట. 'నేనెప్పుడు రిటైర్ కావాల?' అన్న ఆ ఒక్క ప్రశ్నలో ఇదంతా ఉంది.

నేనూ ఇరవై ఏళ్లకు పైగా పాఠం చెప్పినదాన్ని. పొద్దున ఎనిమిదికి కాలేజీ బస్సెక్కి, ఐదారు పీరియడ్లు నిలబడి, సాయంత్రం స్టడీ అవర్లలో వరుసల మధ్య తిరిగి ఇంటికొస్తే పిక్కలు రాళ్లలాగా అయిపోతాయి. ఆమెకు కాళ్లు వాస్తున్నాయని మీ ఉత్తరంలో ఒకే ఒక్క వాక్యం ఉంది. మీ మోకాలి నొప్పి గురించి పేజీన్నర ఉంది. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. ఒకసారి ఆ పేజీలు మీరే మళ్లీ చదువుకోండి.

డబ్బు తర్వాత గంటలు. దీని గురించి నేను ఎక్కువ చెప్పదలచుకున్నాను, ఎందుకంటే మీ ఆటకూ మీ రాజీనామాకూ మీరు వేసిన ముడి ఇక్కడే ఉంది.

మీరు ఎంచుకున్న ఆట ఉద్యోగాలు చేసుకునే మామూలు మనుషుల కోసమే పుట్టింది. బ్రెవేలో ర్యాంకులు లేవు, బహుమతి డబ్బు లేదు, గడువులోపల ముగించడమే. 200కు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. అన్నిటికంటే పెద్దదైన 600 కూడా శనివారం తెల్లవారుజామున బయలుదేరితే ఆదివారం రాత్రికి ముగుస్తుంది. చెన్నై, బెంగళూరు క్లబ్బులు వాటిని వారాంతాల్లో పెట్టేది అందుకే. అంటే సూపర్ రాండొనర్ కావడానికి మీకు కావలసింది ఏడాదిలో నాలుగు వారాంతాలు, నాలుగైదు సోమవారాల సెలవు. పారిస్-బ్రెస్ట్-పారిస్ నాలుగేళ్లకోసారి వస్తుంది, 90 గంటల గడువు. 2023లో జరిగింది, 2027లో ఉంది, ఆపైన 2031. దానికి అర్హత కోసం ఆ ఏడాదిలోనే నాలుగు బ్రెవేలూ పూర్తిచేయాలి. పోయి రావడానికి రెండు వారాల సెలవు చాలు. 2031లో మీకు 52, 53 ఏళ్లు ఉంటాయి. దాని కోసం మూడేళ్ల ముందే ఉద్యోగం వదులుకోనక్కర్లేదు.

సాధనకు కూడా మీరు రాసిన ప్రకారం వారానికి 9, 10 గంటలు. ఆ స్థాయికి అది చాలు. యాభై దగ్గర పడ్డ శరీరానికి గంటలు పెంచడం కంటే కోలుకోవడం ముఖ్యం. కండరం త్వరగానే తేరుకుంటుంది. మడమ వెనక కండరాన్ని ఎముకకు కట్టే టెండన్, మోకాలి చుట్టూ ఉండే పట్టీలు ఆలస్యంగా తేరుకుంటాయి. ఉద్యోగం మానేసి ఒక్కసారిగా వారానికి 20 గంటలకు పెంచితే గాయంతో కూర్చునే ప్రమాదం ఉంది.

మరి ఆ పది గంటలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఫ్యాక్టరీ నుంచి కాదు. మీరు 4.15కి బయటికి పోతారు, 7కి వస్తారు. ఆ సమయంలో అమ్మగారి షుగరు చూసి, సూది వేసి, టిఫిన్ చేసి, బాబు బాక్సు కట్టి, తను తయారై ఎనిమిదికి బస్సెక్కేది ఆమె. ఆదివారం మీరు పదకొండుకు వచ్చి, తిని, మూడు దాకా పడుకుంటారు. ఆమె వారానికి సరిపడా బట్టలు, రుబ్బుడు పనీ చూసుకుంటుంది. ఇవన్నీ మీరు రాసినవే. మీ సాధన గంటలను ఇన్నాళ్లూ ఇచ్చింది ఆమె. ఉద్యోగం మానేశాక కూడా ఇంటి పని ఇట్లాగే ఉంటే ఆమెకు ఏం మారుతుంది? జీతం తెచ్చేది తనే, ఇల్లు చూసేదీ తనే. మధ్యాహ్నం మీరు నిద్రపోతుంటారు.

కాబట్టి ఆమెకు నచ్చజెప్పే మాటలు నా దగ్గర లేవు. ఆమెతో కలిసి లెక్క మళ్లీ వేయండి. ఒక కాగితం మీద ఇద్దరి డబ్బూ, ఇంకో కాగితం మీద ఇద్దరి గంటలూ. మీరు మాట్లాడేది తర్వాత, ముందు ఆమెను ఒకటే అడగండి: "నువ్వు ఏ ఏడాది మానేయాలనుకుంటున్నావు?" ఆమె ఒక సంఖ్య చెప్తుంది. మీ యాభై ఆ సంఖ్య పక్కన కూర్చోవాలి.

ఆ తర్వాత మీ ముందు దారులు కొన్ని ఉంటాయి.

మొదటిది మీరనుకున్నదే, యాభైకి పూర్తిగా మానేయడం. ఆమె మనస్ఫూర్తిగా ఇంకో పన్నెండేళ్లు పనిచేస్తానంటే, ప్లాటు అమ్మి పిల్లల చదువుకు విడిగా పెడితే, ఇది కిందామీదా పడుతూ నడుస్తుంది. ఇల్లు, అమ్మగారి బాధ్యత పూర్తిగా మీది కావాలి. ప్రమాదం ఏమిటంటే ఒక్క చక్రం విరిగినా బండి ఆగుతుంది. ఆమె ఉద్యోగం పోయినా, మీకు సైకిలు మీద యాక్సిడెంట్ జరిగినా. వదిలేసిన జీతం 52 ఏళ్ల వయసులో మళ్లీ దొరకదు. అప్పుడు దొరికేది సగం జీతం, రెట్టింపు పని.

రెండోది 55 దాకా ఆగడం. అబ్బాయి చదువు ఒడ్డున పడుతుంది, లోను ఉండదు, దాచినదానికి ఇంకో ఐదేళ్ల వడ్డీ తోడవుతుంది. ఈ దారిలో ఒక మలుపు నాకు నచ్చింది. మీరు కొనసాగేటట్లయితే ఆమె ముందు ఆగవచ్చు. మీ జీతంలో ఇల్లు నడుస్తుంది, సిప్ కొంత తగ్గుతుంది, అంతే. ఆమె ఒక ఏడాది ఊపిరి తీసుకొని, కాళ్లు చూపించుకొని, తర్వాత కావాలంటే ఇంట్లోనే నలుగురికి ట్యూషన్ చెప్పుకోవచ్చు. రాత్రిళ్లు బ్రేక్‌డౌన్ ఫోన్లు, మీకంటే పదేళ్లు చిన్నవాడైన మేనేజరు మాటలు మీరు ఇంకా భరించాలి. అది చిన్న కష్టం కాదు, నాకు తెలుసు. ప్లానింగ్‌కో, ట్రైనింగ్‌కో మారడానికి వీలుంటే జీతం కొంచెం తగ్గినా అడిగి చూడండి.

మూడోది మధ్యదారి. 51, 52 దగ్గర పర్మనెంట్ ఉద్యోగం వదిలి, వారానికి మూడు రోజుల పని. మెయింటెనెన్స్‌లో పాతికేళ్ల అనుభవం ఉన్న మనిషి గాజులమండ్యం పారిశ్రామికవాడలో చిన్న యూనిట్లకు, శ్రీసిటీ కంపెనీలకు పనికొస్తాడు. నెలకు 35, 40 వేలు వచ్చినా చాలు. ఆమె జీతంతో కలిపితే మూలధనాన్ని దాదాపు ముట్టుకోకుండా వదిలేయవచ్చు. ముట్టుకోని ప్రతి ఏడాదీ మీకు అదనపు బలం. కానీ ఈ పని దొరుకుతుందని ఊహించుకొని రాజీనామా చేయవద్దు. ఉద్యోగంలో ఉండగానే ఇద్దరు ముగ్గురితో మాట్లాడి, మాట తీసుకొని కదలండి.

ఏ దారైనా సరే, ముందు ఆరు నెలలు నడిచి చూడమంటాను. కిస్తీ, సిప్ పోగా మీ జీతంలో 40 వేలు మాత్రమే ఇంట్లోకి తీసుకోండి, మిగతాది వేరే ఖాతాకు పంపేయండి. రిటైరయ్యాక మూలధనం నుంచి నెలకు మీకొచ్చేది అంతే. కొత్త చక్రాలు, కొత్త జెర్సీ అన్నీ అందులోనే. అలాగే వారంలో మూడు పొద్దులు అమ్మగారి సూది, టిఫిన్, బాక్సు మీరు చూసుకోండి. ఆ మూడు రోజులు సాధన సాయంత్రానికి మారుతుంది, లేదా మానుతుంది. ఆదివారం లాంగ్ రైడ్ రెండు వారాలకు ఒకసారి చాలు. వీలైతే జీతం లేని సెలవు రెండు నెలలు పెట్టి ఇంట్లో ఉండి చూడండి. సైకిలు తొక్కే నాలుగు గంటలు అయిపోయాక మిగతా రోజు ఎట్లా ఉంటుందో తెలుస్తుంది. నిజంగా మీకు కావలసింది విశ్రాంతా, ఆ మేనేజరు నుంచి దూరమా, ఆటా అన్నది కూడా అప్పుడే తేలుతుంది. పోయిన మీ మిత్రుడి దుఃఖం ఉత్తరమంతా పరుచుకొని ఉంది. ఆ దుఃఖంలో తీసుకున్న నిర్ణయాన్ని కాస్త ఆరనివ్వండి.

ఇక మీ శరీరం సంగతి. డాక్టరును కాను, అయినా నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను. నాన్నగారు 58కే గుండెపోటుతో పోయారు. కంపెనీ ఏటా చేయించే చెకప్ బాగుందని వదిలేయకండి. ఎంత పరుగెత్తినా వంశంలో వచ్చే గుండెజబ్బు పూర్తిగా తొలగిపోదు. 300 కిలోమీటర్ల బ్రెవేకు ముందే గుండె డాక్టరును కలిసి నాన్నగారి సంగతి చెప్పండి. ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష, కొలెస్ట్రాల్, ఇంకేం అవసరమో ఆయన చెప్తారు. ఛాతీలో బిగువు, మామూలు ఎక్కుడుకే అలవిగాని ఆయాసం, కళ్లు తిరగడం కనపడితే ఆ రోజు సాధన అక్కడే ఆపండి.

మోకాలి బయటివైపు నొప్పి అలిపిరి మెట్లు దిగిన మర్నాడే వస్తోందని రాశారు. ఎక్కేటప్పుడు ఆయాసం గుండెకు, దిగేటప్పుడు బరువు మోకాలికి. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువును అడుగడుగునా ఆపుకోవాలి. 3550 మెట్లకు 3550 సార్లు. అందుకే ఎక్కండి, దర్శనమైతే చేసుకోండి, దిగడానికి బస్సెక్కండి. ఎక్కడం కూడా వారానికి ఒకసారి చాలు. మోకాళ్ల పర్వతం దగ్గర టైము కోసం పరుగెత్తకండి. పక్కన ముసలమ్మలు పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కుతుంటారు, అది వాళ్ల దారి. చీకట్లో ఒంటరిగా అసలే వద్దు. 2023 ఆగస్టులో ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకున్నది ఆ దారిలోనే.

వారానికి రెండు రోజులు బరువులతో కాళ్లకు, నడుముకు వ్యాయామం చేయండి, దానికి ఒక పరుగు తగ్గినా ఫరవాలేదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ ఎక్కకముందే ముగించండి. హైవే మీద తెల్లవారుజామున సైకిలుకు ముందూ వెనకా లైట్లు, ఒంటి మీద మెరిసే జాకెట్ లేకుండా కదలవద్దు. ఫౌజా సింగ్ గారు మీకు తెలిసే ఉంటారు. 89 ఏళ్ల వయసులో మారథాన్లు మొదలుపెట్టి, నూరేళ్లు దాటాక కూడా పరుగెత్తిన మనిషి. 2025 జూలైలో పంజాబ్‌లో తన ఊరి దగ్గర రోడ్డు దాటుతుంటే కారు గుద్ది పోయారు. ఆయన్ను తలుచుకుంటే నాకు రెండు విషయాలు గుర్తొస్తాయి. యాభై అనేది మీ ఆటకు గడువు కాదు. మన రోడ్లు మాత్రం ఎవరి వయసూ చూడవు.

ఇంకొక్క సంగతి, ఇది మాత్రం ఏ నిర్ణయం కోసమూ ఆగకూడదు. సొంత ఆరోగ్య బీమాకు ఈ నెలలోనే దరఖాస్తు పెట్టండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు బీమా కంపెనీలు మూడేళ్ల దాకా ఆగమనవచ్చు. ఇప్పుడు తీసుకుంటే మీకు యాభై వచ్చేసరికి ఆ గడువు తీరిపోతుంది, రాజీనామా రోజు తీసుకుంటే ఆ రోజు నుంచి మొదలవుతుంది. మీ షుగరు అంచున ఉండిన సంగతి, నాన్నగారి గుండెజబ్బు దాచకుండా రాయండి. అమ్మగారికి విడి పాలసీ దొరుకుతుందేమో అడగండి, ఆ వయసుకు ప్రీమియం ఎక్కువే ఉంటుంది. ఆ ఫారం నింపేటప్పుడు మీ భార్యను పక్కన కూర్చోబెట్టుకోండి. ఆమె కాళ్ల వాపు గురించి కూడా అందులో ఒక గడి ఉంటుంది.